చందానగర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి సైకిల్ మీద: మొదటి రోడ్ బైక్ ఏది తీసుకోవాలి?

కొత్త_పెడల్:
అందరికీ నమస్కారం. మా ఇల్లు చందానగర్‌లో, ఆఫీసు విప్రో సర్కిల్ దగ్గర. నల్లగండ్ల, గోపనపల్లి మీదుగా వెళ్తే ఒకవైపు సుమారు పన్నెండు కిలోమీటర్లు వస్తుంది. వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలని చెప్పారు. సాయంత్రం కారులో ఆ పన్నెండు కిలోమీటర్లకి గంట పడుతోంది. అందుకే సైకిల్ మీద వెళ్దామని గట్టిగా అనుకుంటున్నాను.

ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. కాలేజీ తర్వాత సైకిల్ తొక్కలేదు. బడ్జెట్ సైకిల్‌కి 55 వేలు, హెల్మెట్, లైట్లు లాంటివాటికి ఇంకో పది వేలు. ల్యాప్‌టాప్ తీసుకెళ్లాలి. మొదటి నుంచీ రోడ్ బైక్ అంటే ఇష్టం, ఆ వంపు హ్యాండిల్ ఉన్నదే కావాలి. కానీ మన రోడ్ల మీద అది నిలుస్తుందా? సన్న టైర్లతో గుంతల్లో ఇబ్బంది కాదా? డిస్క్ బ్రేకులు తప్పనిసరా? సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గేరుబండి:
స్వాగతం. వంపు హ్యాండిల్ గురించి బెంగ వద్దు, మన రోడ్లకి పడని వస్తువు అది కాదు. పడనిది సన్న టైరు. ఈ రెండూ కలిసే వస్తాయని చాలామంది అనుకుంటారు, కానీ ఇప్పుడు అలా లేదు. పదేళ్ల కిందట రోడ్ బైక్ అంటే 23 లేదా 25 మిల్లీమీటర్ల టైరే. ఇప్పుడు మొదటి మెట్టు రోడ్ బైకులు చాలావాటికి 28 వస్తోంది, కొన్నింటికి 32 కూడా.

అందుకని షోరూమ్‌లో మీరు మొదట అడగాల్సింది బరువు కాదు, గేర్లూ కాదు. "ఈ ఫ్రేమ్‌లో, ఈ ఫోర్క్‌లో గరిష్ఠంగా ఎంత వెడల్పు టైరు పడుతుంది?" అని అడగండి. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు. 28కే ఆగిపోతే పక్కన పెట్టేయండి. 32 పట్టాలి, అది కూడా మడ్‌గార్డ్ వేశాక. మీ బరువుకి 32 టైర్లలో వెనక 60–65, ముందు 55 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర గాలి సరిపోతుంది. అదే 25 టైరైతే 90 దాటించాలి, లేదంటే గుంత అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్‌కీ రాయికీ మధ్య నలిగిపోతుంది. పాము కాటులాగా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. గాలి ఎక్కువ పెడితే రోడ్డు మీది ప్రతి గతుకూ మణికట్టుకి తెలుస్తుంది. వెడల్పు టైరుతో ఈ రెండు బాధలూ తప్పుతాయి. వేగం తగ్గుతుందేమో అనుకోకండి. గతుకుల రోడ్డు మీద మెత్తగా దొర్లే 32 టైరు ఎగిరెగిరి పడే 25 కన్నా వెనకబడదు.

ఇక రెండో ప్రశ్న: మడ్‌గార్డ్, వెనక క్యారియర్ బిగించడానికి ఫ్రేమ్‌లో బోల్టు రంధ్రాలు ఉన్నాయా? రేసింగ్ కోసం చేసిన ఫ్రేములకి ఉండవు. రోజూ ల్యాప్‌టాప్ మోసేవాళ్లకి ఇవి లేకపోతే వీపు మీద బ్యాగే గతి. వేసవిలో ఆఫీసుకి చేరేసరికి చొక్కా తడిసి ముద్దవుతుంది.

ఈ రెండూ దాటిన సైకిళ్లు మీ బడ్జెట్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. వాటిలోంచి ఎంచుకోవడం తేలికే.

లింగంపల్లి_లోకల్:
అన్నా, ఆ రూట్ల నేను రోజూ పోత. కొన్ని ముచ్చట్లు చెప్త.

వాన పడ్డ రోజు లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ దిక్కు అసలు పోకు. నీళ్లు నిలుస్తయి, కింద గుంత ఎంత లోతున్నదో కనవడది. ఫ్లైఓవర్ మీదికెళ్లి నల్లగండ్లకు దిగు. ఎక్కుడు కొంచెం కష్టమే గని ఎండినట్టు పోతవ్. పొద్దుగాల ఏడున్నర లోపల బయల్దేరితే సెంట్రల్ యూనివర్సిటీ గోడ పొంటి గాలి సల్లగ ఉంటది, ఆఫీస్ బస్సులు ఇంక మొదలుగావు. ఎనిమిదిన్నర దాటితే విప్రో సర్కిల్ కాడ నాలుగు దిక్కులా జామే.

గోపనపల్లి దాటినంక టిప్పర్లు, రెడీమిక్స్ బండ్లు తిరుగుతయి. కట్టుడు పనులు నడుస్తనే ఉంటయి గద, రోడ్డు మీద కంకర, ఇసుక రాలి ఉంటది. మూల తిరిగేటప్పుడు సన్న టైరు జర్రున జారుతది. గేరుబండి అన్న చెప్పిన 32 మాట ఖాయం చేస్కో.

బెజవాడ_బంటి:
నేను కొంచెం వేరుగా ఆలోచిస్తానండి. పన్నెండు కిలోమీటర్లకి రోడ్ బైక్ అవసరమా? కాలేజీ తర్వాత తొక్కనేలేదంటున్నారు. హైబ్రిడ్ తీసుకోండి. తిన్నని హ్యాండిల్, నిటారుగా కూర్చుంటారు, ట్రాఫిక్ మీద చూపు బాగా ఆనుతుంది. 40 మిల్లీమీటర్ల టైర్లు వస్తాయి. ముప్పై వేల లోపే మంచిది దొరుకుతుంది, మిగిలిన డబ్బుతో సామాన్లన్నీ కొనుక్కోవచ్చు. మా బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి వంపు హ్యాండిల్ కింద పట్టుకుని వంగి వెళ్లమంటే నాకైతే ధైర్యం చాలదు. బ్రేకు ఎప్పుడూ వేళ్లకి అందుబాటులో ఉండాలి.

ఇంకో మాట. హైబ్రిడ్ తీసుకుంటే ముందు షాక్ అబ్జార్బర్ లేనిదే తీసుకోండి. ఆ ధరలో వచ్చే షాకులు కిలోల బరువు పెంచుతాయి గానీ గతుకులు పెద్దగా మింగవు.

పద్మ_రైడ్స్:
బంటి గారూ, చివరి మాటతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ముందు చెప్పినదానికి మాత్రం నా జవాబు వినండి.

నేను కొండాపూర్ నుంచి మాదాపూర్ వైపు ఆఫీసుకి రోడ్ బైక్ మీదే వెళ్తాను, అంతకుముందు హైబ్రిడ్ తొక్కాను. ట్రాఫిక్‌లో ఎవరూ హ్యాండిల్ కింది వంపు పట్టుకుని పోరు. చేతులు పైన, బ్రేకు లీవర్ల మొదళ్ల మీద ఉంటాయి. అక్కడి నుంచే బ్రేకూ గేరూ రెండూ వేళ్లకి అందుతాయి. ఆ భంగిమలో నడుము మరీ వంగదు. పైగా రోడ్ బైక్ హ్యాండిల్ వెడల్పు 42 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, హైబ్రిడ్‌ది 60 దాకా వెళ్తుంది. ఆగి ఉన్న బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య నుంచి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. (దూరొద్దనే నా సలహా. ఎడమవైపు నుంచి బస్సుని దాటడం అంత ప్రమాదం ఇంకోటి లేదు, డ్రైవరుకి మీరు కనిపించరు.)

అరచేతులు తిమ్మిరెక్కడం కూడా తగ్గింది. హైబ్రిడ్ మీద చేతులకి ఒక్కటే చోటు. రోడ్ బైక్ మీద మూడు చోట్లు మార్చుకోవచ్చు. మధ్యాహ్నం ఎదురుగాలి కొడుతున్నప్పుడు కాస్త వంగితే అదే శ్రమతో ముందుకు పోతాం.

ఇంతకన్నా పెద్ద విషయం ఇంకోటుంది. ఆయన మొదటి పోస్టులోనే వంపు హ్యాండిల్ అంటే ఇష్టమని రాశారు. ఇష్టమైన సైకిల్ ఉంటే పొద్దున్నే లేచి తీయాలనిపిస్తుంది. బుద్ధిగా ఆలోచించి కొన్న సైకిల్ బాల్కనీలో బట్టలారేసుకోవడానికి పనికొచ్చిన ఇళ్లు నాకు చాలా తెలుసు.

చేతులు చిన్నవైన వాళ్లకి ఒక సూచన: బ్రేకు లీవరు దూరం సరిచేసే స్క్రూ చాలా మోడళ్లలో ఉంటుంది. షోరూమ్‌లోనే దగ్గరికి పెట్టించుకోండి, వాళ్లంతట వాళ్లు చేయరు.

స్పోక్:
నేను రిపేరు బల్ల దగ్గర నుంచి చెప్తాను. నాకు రోజూ కనిపించేవి విరిగినవీ అరిగినవీ కాబట్టి నా చూపు అటే పోతుంది.

ముందు బ్రేకులు. డిస్క్ తప్పనిసరా అని అడిగారు. వానాకాలం నాలుగు నెలలు కూడా తొక్కుతారంటే నా ఓటు డిస్క్‌కే. ఆగే దూరం ఒక్కటే కారణం కాదు. రిమ్ బ్రేకుల్లో తడి ఇసుక బ్రేకు షూకి అంటుకుని అల్యూమినియం రిమ్‌ని సానబట్టినట్టు కోసేస్తుంది. కట్టుడు పనులు జరిగే మీ రూట్లో అది ఇంకా ఎక్కువ. షూలు చవకే, మార్చుకోవచ్చు. రిమ్ అరిగితే చక్రం మొత్తం మళ్లీ కట్టాలి. డిస్క్‌లో అరిగేది ప్యాడ్లూ, చాన్నాళ్లకి రోటరూ (ప్యాడ్లు పట్టుకునే లోహపు పళ్లెం). రెండూ విప్పి మార్చేవే.

మీ బడ్జెట్‌లో వచ్చేది కేబుల్‌తో నడిచే మెకానికల్ డిస్క్. ఆయిలు డిస్క్ ఇంకా బాగుంటుంది గానీ రోడ్ బైకుల్లో ధర బాగా పైకి పోతుంది. మెకానికల్ సరిపోతుంది. కొన్న మొదటి రోజే, ఖాళీ రోడ్డు మీద కాస్త వేగం అందుకుని, మెల్లగా బ్రేకు నొక్కి దాదాపు ఆగేదాకా తీసుకురండి. ఇరవై సార్లన్నా చేయండి. ప్యాడ్లు రోటర్‌కి సర్దుకుంటాయి. ఇది చేయకుండా నేరుగా ట్రాఫిక్‌లోకి వెళ్లి "బ్రేకు పట్టట్లేదు" అని వచ్చేవాళ్లు ఎక్కువ. ఇంకోటి, రోటర్ మీద చైన్ ఆయిల్ పడనివ్వకండి, వేలితో కూడా ముట్టుకోకండి.

ఇప్పుడు గేర్లు. గేర్లు చేసే షిమానో కంపెనీలో రోడ్ బైక్ మెట్లు కిందనుంచి పైకి, బ్రాకెట్లో వెనక గేర్ల సంఖ్య: టోర్నీ (7), క్లారిస్ (8), సోరా (9), టియాగ్రా (10), ఆపైన 105. పేర్ల కన్నా పళ్ల లెక్క ముఖ్యం. క్లారిస్ సైకిళ్లకి మామూలుగా ముందు 50, 34 పళ్ల రెండు చక్రాలుంటాయి, వెనక పెద్దది 32 దాకా ఉంటుంది. 34–32 లో పెడితే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ రెండు మీటర్ల చిల్లర కదులుతుంది. నిమిషానికి ఎనభై చుట్లు తిప్పినా గంటకి పది, పదకొండు కిలోమీటర్ల వేగమే. అంటే ఫ్లైఓవర్ ఎత్తుని ఆయాసం లేకుండా ఎక్కేయొచ్చు. కొన్ని చవక మోడళ్లలో ముందు 44 పళ్ల ఒక్క చక్రమే, వెనక పెద్దది 28. అక్కడ అత్యంత తేలిక గేర్లో కూడా పెడల్ చుట్టుకి మూడు మీటర్ల పైనే. ల్యాప్‌టాప్ బరువుతో ఎత్తు మీద మోకాళ్ల మీద పడుతుంది. చదునైన ఊళ్లో అయితే ఆ చవకదే చాలు. హైదరాబాద్ రాళ్ల గుట్టల మీద కట్టిన ఊరు, ఇక్కడ చాలదు.

ఇంకో దాగిన తేడా: వెనక పళ్ల చక్రాల గుత్తి ఏడు గేర్ల సైకిళ్లలో చాలావాటికి మరతో బిగించే ఫ్రీవీల్ రకం వస్తుంది, ఎనిమిది నుంచి పైన ఎక్కువగా హబ్ (చక్రం మధ్య భాగం) మీదికి జారేసి బిగించే క్యాసెట్ రకం. ఫ్రీవీల్ హబ్‌లో ఇరుసుకి ఆధారమిచ్చే బేరింగ్ లోపలికి ఉంటుంది కాబట్టి గుంతల్లో బరువు పడితే ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. 78 కిలోల మనిషి, పైన సామాను, గతుకుల రోడ్డు. క్యాసెట్ ఉన్నదే తీసుకోండి. బండి వెనక చక్రం చూపించి "ఇది ఫ్రీవీలా, క్యాసెట్టా?" అని అడగండి. తెలియదంటే పక్క షాపుకి వెళ్లండి.

లింగంపల్లి_లోకల్:
స్పోక్ అన్న, వాల్వ్ సంగతి గూడ చెప్పు. గదే అసలైన తిప్పలు.

స్పోక్:
అవును, బాగా గుర్తు చేశారు. రోడ్ బైక్ ట్యూబులకి సన్నగా ఉండే ప్రెస్టా వాల్వ్ వస్తుంది. రోడ్డు పక్క పంక్చర్ షాపుల్లో గాలి గొట్టం మోటార్‌సైకిల్ వాల్వ్‌కి సరిపోయేది. నేరుగా పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, వంద రూపాయల లోపే. దాన్ని వాల్వ్‌కే బిగించి ఉంచేసుకోండి, లేదా తాళాల గుత్తికి వేసుకోండి. ప్రెస్టాకి పైన చిన్న నట్టు వదులు చేస్తేనే గాలి ఎక్కుతుందని కుర్రాడికి మీరే చెప్పాలి. ఇంకా మంచిది: సీటు కింది సంచిలో ఒక ట్యూబు, రెండు టైర్ లీవర్లు, ఫ్రేమ్‌కి మినీ పంపు. ట్యూబు మార్చడం ఇంట్లో కూర్చుని రెండుసార్లు నేర్చుకుంటే రోడ్డు మీద పావుగంట పని. పాత ట్యూబుకి తర్వాత ప్యాచ్ వేయించుకోవచ్చు. రోడ్ బైక్ చక్రాలకి సరిపోయే 700 సైజు ట్యూబులు మామూలు సైకిల్ షాపుల్లో దొరకడం కష్టం, కొన్న రోజే రెండు అదనంగా తీసుకోండి.

కొత్త_పెడల్:
ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. బంటి గారి మాట విన్నాక హైబ్రిడ్ కూడా తొక్కి చూస్తాను, కానీ మనసు రోడ్ బైక్ మీదే ఉంది. మోడళ్ల పేర్లు కొన్ని చెప్పండి. సైజు ఎలా తేల్చుకోవాలి? ఇంకో అనుమానం, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన ఆ సోలార్ సైకిల్ ట్రాక్ నా రూట్‌కి పనికొస్తుందా?

గేరుబండి:
ట్రాక్ సంగతి ముందు. 2023 అక్టోబరులో తెరిచినప్పుడు ఆ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. పైన సోలార్ పలకల నీడ, రాత్రి లైట్లు, పక్కన బండ్లు రావు. కొల్లూరు, తెల్లాపూర్ వైపు ఉండి కోకాపేటలో పనిచేసేవాళ్లకి వరం లాంటిది. చందానగర్ నుంచి మీకు చుట్టు తిరుగుడు అవుతుంది. కానీ మొదటి రెండు ఆదివారాలు అక్కడికే వెళ్లండి. గేర్లు మార్చడం, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని సైగ చేయడం, వెనక్కి తిరిగి చూసినా సైకిల్ తిన్నగా పోనివ్వడం, ఇవన్నీ ట్రాఫిక్‌లో నేర్చుకునేవి కావు.

మోడళ్లు: డెకత్లాన్‌లో ట్రైబాన్ ఆర్‌సీ 120 దొరికితే మొదట దాన్నే చూడండి. అల్యూమినియం ఫ్రేమ్, మైక్రోషిఫ్ట్ కంపెనీ ఎనిమిది గేర్లు, మెకానికల్ డిస్క్. టైర్లు 28 వస్తాయి, అంతకన్నా వెడల్పువి పడతాయి. నేను మొదట అడగమన్న ప్రశ్నలు రెండూ దాటుతుంది. దాని పై మెట్టు ఆర్‌సీ 500లో సోరా వస్తుంది. ట్రెక్ డొమేన్ ఏఎల్ 2 ఈ పనికి నాకు తెలిసినవాటిలో చాలా మంచిది, క్లారిస్ గేర్లు, 32 టైర్లతోనే వస్తుంది, మడ్‌గార్డ్ రంధ్రాలున్నాయి, కానీ మీ బడ్జెట్ దాటిపోతుంది. జెయింట్ కాంటెండ్, స్కాట్ స్పీడ్‌స్టర్ వరుసల్లో కింది మోడళ్లు కూడా చూడండి. ఏది చూసినా ఆ సంవత్సరపు మోడల్‌కి ఏ బ్రేకు, ఎంత టైరు అన్నది బండి మీదే చూసి నిర్ధారించుకోండి. పేరు అదే ఉంచి లోపలివి మార్చేస్తుంటారు.

ధరల విషయం: 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో 5 శాతమే వేశారో లేదో చూసుకోండి.

పద్మ_రైడ్స్:
సైజు నేను చెప్తాను, ఎందుకంటే అమ్మేవాళ్లు స్టాకులో ఉన్న సైజునే "మీకు సరిగ్గా సరిపోయింది మేడమ్" అంటారు.

చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడండి. గట్టి అట్ట పుస్తకం ఒకటి రెండు కాళ్ల మధ్య, సైకిల్ సీటు ఎంత గట్టిగా ఆనుతుందో అంత గట్టిగా పైకి నొక్కి పెట్టండి. పుస్తకం పైఅంచు నుంచి నేల దాకా కొలత తీసుకోండి. దాన్ని 0.66తో గుణిస్తే ఫ్రేమ్ సైజు సెంటీమీటర్లలో దగ్గర దగ్గరగా వస్తుంది. 79 వచ్చిందనుకోండి, 52 అవుతుంది. ఇది మొదలు మాత్రమే. రెండు సైజుల మధ్య ఉంటే రోజువారీ తిరుగుడుకి చిన్నదే తీసుకోండి. చిన్న ఫ్రేమ్‌లో సీటు పైకి లేపొచ్చు, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) మార్చొచ్చు. పెద్ద ఫ్రేమ్‌ని చిన్నది చేయలేం.

ఎక్కి తొక్కకుండా కొనకండి. సీటు మీద కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు దాదాపు తిన్నగా రావాలి. ముందుకు వంగి బ్రేకు లీవర్ల మీద చేతులు పెట్టినప్పుడు మోచేతులు కాస్త వంగి ఉండాలి. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయంటే ఆ సైకిల్ మీకు పొడవు ఎక్కువ.

మొదట్లో సీటు నొప్పి అందరికీ ఉంటుంది. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే సీటు వెడల్పు మీ ఎముకలకి సరిపోలేదని అర్థం. మెత్తటి జెల్ కవర్లు కొని పైన వేయకండి, నొప్పి ఇంకా పెరుగుతుంది.

వైజాగ్_ఎత్తులు:
సెకండ్ హ్యాండ్ ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. 55 వేలకి కొత్తదైతే క్లారిస్ స్థాయి. అదే డబ్బుకి పాతదైతే సోరా, టియాగ్రా డిస్క్ సైకిళ్లు కూడా దొరుకుతాయి. లాక్‌డౌన్ అప్పుడు ఉత్సాహంగా కొని మూలన పెట్టినవి ఇంకా బయటికి వస్తూనే ఉన్నాయి. మా సీతమ్మధార నుంచి కైలాసగిరి ఎక్కే గుంపులో సగం మందివి అలాంటివే.

చూడాల్సినవి: అసలు బిల్లు, దాని మీద ఫ్రేమ్ నంబరు, సైకిల్ అడుగున పెడల్ ఇరుసు కింద చెక్కిన నంబరుతో కలవాలి. బిల్లు లేదంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి, దొంగ సొమ్ము అయ్యుండొచ్చు. ఫ్రేమ్ గొట్టాలు కలిసే అతుకుల దగ్గర రంగు గీతలా చిట్లిందేమో టార్చి వేసి చూడండి. కార్బన్ ఫ్రేమ్ అయితే మొదటి సైకిల్‌కి పాతది తీసుకోకండి, లోపలి పగులు కంటికి కనపడదు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ మొదట్లో టకటక అంటే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్) వదులైందన్నమాట. పెడల్ చేతులు పక్కకి ఊపండి, అక్కడా అంతే. చైన్ ఎంత సాగిందో చూసే రేకు ఒకటి దొరుకుతుంది, 0.75 గుర్తు లోపలికి దిగితే చైనుతోపాటు క్యాసెట్ కూడా మార్చాల్సి వస్తుందేమోనని ధరలో తగ్గించమని అడగండి.

స్పోక్:
వైజాగ్ గారు చెప్పింది అంతా నిజమే. అయితే సైకిల్ గురించి ఇంకా ఏమీ తెలియని మనిషి ఒక్కడే వెళ్లి సెకండ్ హ్యాండ్ కొనొద్దు. తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లండి. లేకపోతే కొత్తదే మేలు, మొదటి సర్వీసులు షోరూమ్ వాళ్లే చేస్తారు.

ఐందోవెన్_తెలుగు:
నేనుండేది నెదర్లాండ్స్‌లో. ఇక్కడ ఆఫీసుకి వెళ్లేవాళ్లలో రోడ్ బైక్ వాడేవాళ్లు తక్కువే. నిటారుగా కూర్చునే బరువైన సైకిల్, చైన్‌కి పూర్తిగా మూత, లోపలే గేర్లుండే హబ్, హబ్‌లోంచే వెలిగే లైటు. అది ఇక్కడ కుదురుతుంది, నేల చదును, దారి వేరు. హైదరాబాద్ ఎత్తుపల్లాల్లో ఇరవై కిలోల సైకిల్ తొక్కమని నేను చెప్పను. కానీ ఇక్కడి నుంచి రెండు అలవాట్లు తీసుకోండి: మడ్‌గార్డ్ లేని సైకిల్ మీద ఎవరూ పనికి వెళ్లరు, బరువు వీపు మీద ఎవరూ మోయరు. క్యారియర్‌కి పక్కన తగిలించే సంచీ ఒకటి కొనుక్కోండి, లోపల ల్యాప్‌టాప్‌కి మెత్తటి అర ఉన్నది. ఒక్క పక్కనే తగిలించినా బ్యాలెన్స్ ఏమీ చెడదు. సంచి మరీ ముందుకు తగిలిస్తే మడమ కొట్టుకుంటుంది, అది చూసుకోండి.

పద్మ_రైడ్స్:
సామాన్ల పది వేలు ఎలా ఖర్చు పెట్టాలో నా లెక్క. ముందు లైట్లు. సాయంత్రం ఏడింటికి గోపనపల్లి రోడ్డు మీద కొన్ని చోట్ల వీధి దీపాలు ఉండవు. ముందు కనీసం 400 ల్యూమెన్లది, నేల మీదికి వంచి పెట్టుకోండి, ఎదుటివాళ్ల కళ్లలోకి కాదు. వెనక ఎర్రది పగలు కూడా వేసి ఉంచండి. తర్వాత హెల్మెట్, లోపల ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) గుర్తు ఉన్నది. తర్వాత తాళం. మందపాటి యూ లాక్ తీసుకోండి, కేబుల్ లాకులు చిన్న కట్టర్‌కే తెగిపోతాయి. బెల్ మర్చిపోకండి, రోడ్ బైకులకి కొన్నిసార్లు రాదు. మడ్‌గార్డ్, క్యారియర్, పంపు వీటికి మిగిలింది సరిపోకపోతే క్యారియర్ ఒక నెల ఆగొచ్చు, లైట్లు ఆగవు.

కొనే ముందే ఆఫీసు ఫెసిలిటీస్ వాళ్లతో మాట్లాడండి. సైకిల్ ఎక్కడ పెట్టాలి, స్నానానికి చోటుందా. మా బేస్‌మెంట్‌లో గార్డులు మొదట సైకిల్ లోపలికి రానివ్వలేదు, టూవీలర్ స్టిక్కర్ కావాలన్నారు. హెచ్ఆర్‌కి ఒక మెయిల్ రాశాక కెమెరా కింద స్టాండ్ వేయించారు. ఇప్పుడు అక్కడ ఇంకొందరు పెడుతున్నారు. నెలకొకసారి రెండు జతల బట్టలు, చెప్పులు తీసుకెళ్లి డ్రాయర్‌లో పెట్టుకుంటే రోజూ మోసే బరువు సగం తగ్గుతుంది.

లింగంపల్లి_లోకల్:
కుక్కల ముచ్చట ఎవరు చెప్పలే. పొద్దున నల్లగండ్ల కాడ గుంపులు గుంపులుగ ఉంటయి. ఉరికితే ఉరికొస్తయి. పెడల్ ఆపి మెల్లగ పో, ఇంకా మీదికొస్తే దిగి సైకిల్‌ని నీకు, కుక్కకి నడుమ పెట్టుకొని నడువు. రెండు రోజులు చూసినంక నిన్ను గుర్తు పడ్తయి.

బెజవాడ_బంటి:
పద్మ గారూ, బ్రేకు లీవర్ల మీదే చేతులుంటాయన్న మాట ఒప్పుకుంటాను. మా ఊళ్లో ఒక మిత్రుడిది తీసుకుని నిన్న బందరు రోడ్డు మీద తొక్కి చూశాను. ట్రాఫిక్‌లో ఇబ్బంది అనిపించలేదు. అయినా మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్లకి హైబ్రిడ్‌నే చెప్తాను. కొత్త_పెడల్ గారూ, మీకు అలాంటిదేమీ లేకపోతే మీ ఇష్టం ప్రకారమే వెళ్లండి.

కొత్త_పెడల్:
రెండు షోరూములు తిరిగొచ్చాను. పుస్తకం కొలత 80 వచ్చింది. ఒక చోట నాకు పెద్ద సైజు అంటగట్టబోయారు. మోచేతులు తిన్నగా సాగిపోయాయి, భుజాలు లేచాయి, పద్మ గారు చెప్పినట్టే. చిన్న సైజు తెప్పించమని అడిగాను. ఫ్రీవీలా క్యాసెట్టా అని అడిగితే ఒక కుర్రాడు వెంటనే చక్రం విప్పి చూపించాడు, ఆ షాపు మీద నమ్మకం కుదిరింది.

చివరికి ఎనిమిది గేర్లు, మెకానికల్ డిస్క్, 28 టైర్లతో వచ్చే అల్యూమినియం సైకిల్‌కి అడ్వాన్స్ ఇచ్చాను. మడ్‌గార్డ్‌తో సహా 32 పడుతుందని కొలిచి చూపించారు. టైర్లు అప్పుడే మార్పించేయనా, లేక ఉన్నవి అరిగేదాకా ఆగనా? ఆఫీసులో పార్కింగ్‌కి మెయిల్ పెట్టాను, బేస్‌మెంట్‌లో చోటు ఇస్తామన్నారు. హైబ్రిడ్ కూడా తొక్కాను బంటి గారూ, హాయిగానే ఉంది, కానీ వంపు హ్యాండిల్ పట్టుకున్నాక దిగబుద్ధి కాలేదు.

గేరుబండి:
శుభం. డెలివరీ రోజే మార్పించండి. కొత్త 28 టైర్లకి చాలా షాపులు కొంత విలువ కట్టి తగ్గిస్తాయి, వాడాక ఎవరూ తీసుకోరు. పంక్చర్ నిరోధక పొర ఉన్న 32 అడగండి, కొంచెం బరువు ఎక్కువైనా మీ రూట్లో మేకులూ కంకరా చూస్తే అదే సరైనది. మొదటి వారం ఆఫీసు రోజు కాకుండా సెలవు రోజు ఒకసారి అదే దారిలో, అదే సామానుతో వెళ్లి రండి. ఎంత సమయం పడుతుందో, ఏ గుంత ఎక్కడుందో తెలుస్తుంది. ఆ తర్వాత వారానికి ఒక్క రోజుతో మొదలుపెట్టి పెంచండి.

స్పోక్:
డెలివరీ రోజు హ్యాండిల్, స్టెమ్, సీటు బోల్టులు టార్క్ రెంచ్ (బిగుతు కొలిచే పానా) తోనే బిగించమనండి. స్టెమ్ మీద సాధారణంగా 5 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) అని రాసి ఉంటుంది, అంతకి మించితే మర పోతుంది. మూడు నాలుగు వారాలకి గేరు కేబుళ్లు సర్దుకుని కొంచెం వదులవుతాయి, గేరు ఎక్కేటప్పుడు కరకర అంటే గాబరా పడకండి, డెరైలర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపే భాగం) దగ్గరున్న చిన్న స్క్రూ అరచుట్టు తిప్పితే సరి. అప్పుడే స్పోకుల బిగుతు కూడా చూపించండి. కొత్త చక్రాలు మొదటి నెలలోనే ఎక్కువగా వంకర పోతాయి, ఆ ఒక్కసారి సరిచేయిస్తే చాన్నాళ్లు నిలబడతాయి. వానలో తడిసిన రోజు చైన్ పొడిగుడ్డతో తుడిచి, చైన్ కోసం అమ్మే ఆయిల్ లింకుకొక చుక్క వేసి, పైన మిగిలింది తుడిచేయండి. ఇంజన్ ఆయిల్ వద్దు, ధూళి అంతా పట్టేసి క్యాసెట్ అరిగిపోతుంది. సర్వీసుకి ఇచ్చేటప్పుడు ఇంకేమైనా అనుమానం వస్తే ఇక్కడే రాయండి.